ఒంటరి వీరుని ఆయువుపట్టు

ఎంతటి వీరునకైనను ఎచ్చటనో ఒకచోట ఆయువుపట్టు ఉండవలెననుట కథలు పుట్టిన నాటినుండి వచ్చుచున్న సంప్రదాయము. గ్రీకుల అకిలీజునకు మడమ, జర్మనుల సీగ్‌ఫ్రీడునకు వీపుపై ఆకు అంటుకొన్న చోటు, మన సుయోధనునకు తొడలు. ఆ చోటు లేనిచో కథయే లేదు. ఏలయన, ఓడుటకు వీలులేనివాడు గెలిచిన గెలుపును చూచుటకు ఎవరును వేచియుండరు.

ఇరువదవ శతాబ్దమున అమెరికాలో పుట్టి లోకమంతట వ్యాపించిన బొమ్మల కథల వీరులకును ఈ నియమము తప్పలేదు. 1938లో వెలువడిన సూపర్‌మన్ అను వీరునకు తుపాకిగుండు తగిలినను చర్మము చిట్లదు. అట్టివానితో కథ నడుపుట రచయితలకు కష్టమైనది. తుదకు అతడు పుట్టిన గ్రహపు శకలమైన క్రిప్టొనైట్ అను రాయి అతని బలమును హరించునని కల్పించిరి. రేడియో గల ఇండ్లవారికి ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలసియున్నది. ఆ రాయి మొదట అచ్చుపుస్తకమున కనబడలేదు. 1943లో అమెరికాలో ప్రసారమగుచుండిన సూపర్‌మన్ రేడియో నాటకమున శ్రోతలకు మొదట వినవచ్చి, ఆరేండ్ల పిమ్మట, 1949లో, బొమ్మల పుస్తకమున కెక్కినది. ఈ విషయమును మేము కొంచెము గర్వముతోనే చెప్పుకొనుచున్నాము.

అయితే నేటి మా ప్రసంగమునకు విషయము సూపర్‌మన్ కాదు. గబ్బిలపు వేషము ధరించి రాత్రులందు గోథమ్ అను నగరమును కాపాడు బ్యాట్‌మన్. అతడు వేరొక గ్రహమునుండి దిగివచ్చినవాడు కాడు. బ్రూస్ వేన్ అను ధనికుడు. మనవలెనే ఎముకలు, కండలు గల మానవుడు. తుపాకిగుండు తగిలిన చచ్చును, మేడపైనుండి పడిన కాలు విరుగును. కాని ఎనుబది ఏండ్లకు పైగా వచ్చిన అతని కథలను పరిశీలించినచో, అతనిని నిజముగా పడగొట్టినది గుండు కాదు, కత్తియు కాదు. ‘ఈ భారము నాది, నేనొక్కడనే మోయగలను’ అను తలంపే అతని ఆయువుపట్టు. ఈ తలంపు చూచుటకు త్యాగమువలె నుండును. అందుచేతనే అది అహంకారమని గుర్తించుట కష్టము.

బ్యాట్‌మన్ 1939 మే నెల సంచికగా వెలువడిన ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంఖ్యలో తొలిసారి కనబడెను. అదే యేడు నవంబరు సంచికలో అతని పూర్వకథ వచ్చినది. బాలుడైన బ్రూస్ కన్నుల యెదుటనే ఒక దొంగ అతని తలిదండ్రులను వీధిలో కాల్చిచంపెను. నేరస్థులపై పోరాటమునకే జీవితమును అర్పించెదనని ఆ బాలుడు ప్రతిన పూనెను. కథకు పునాది ఇంతియే. శోకము వ్రతముగా మారినది. వ్రతము మంచిదే. కాని ఒక వ్రతమును దీర్ఘకాలము పట్టినవాడు, ఆ వ్రతమునకు తానొక్కడే అర్హుడని క్రమక్రమముగా తలపోయుట మొదలిడును. ఇతరుల సహాయము అతనికి సహాయముగా తోచక, తన ప్రతిజ్ఞలో భాగమడుగుటవలె తోచును.

కథలు వ్రాసినవారికి ఈ ఒంటరితనము వలన వేరొక చిక్కు వచ్చిపడినది. ఒంటరివాడు ఎవరితో మాటలాడును? అతని ఆలోచన పాఠకునకు తెలియుట ఎట్లు? షెర్లాక్ హోమ్సునకు వాట్సను ఉన్నట్లు బ్యాట్‌మన్‌కును మాటలాడుటకు ఒక తోడు కావలెనని రచయిత బిల్ ఫింగర్ భావించెను. ఒకే పాత్రతో రేడియో నాటకము నడిపిచూచినవారికి ఈ అవసరము వెంటనే బోధపడును. ఆ విధముగా 1940 ఏప్రిల్ సంచికలో రాబిన్ అను బాలుడు ప్రవేశించెను. అతని అసలు పేరు డిక్ గ్రేసన్. సర్కసులో ఊయలలపై విన్యాసములు చేయువారి కుమారుడు. అతని తలిదండ్రులును దుర్మార్గుల వలననే మరణించిరి. కథ సౌకర్యమునకై తెచ్చిన ఆ బాలుడే బ్యాట్‌మన్ మనస్సున కొక కిటికీ అయ్యెను. ఆ కిటికీ తెరచియున్నంతకాలము కథలలో నవ్వు ఉన్నది. అది మూసికొన్నప్పుడెల్ల ప్రమాదము వచ్చినది.

డిక్ పెరిగి పెద్దవాడై తన దారిన తాను పోయి నైట్‌వింగ్ అను పేరు పెట్టుకొనెను. రెండవ రాబిన్‌గా జేసన్ టాడ్ అను బాలుడు వచ్చెను. 1988లో అతని విషయమున ఒక విచిత్రము జరిగినది. కథలో జోకర్ అను క్రూరుడు ఆ బాలుని చావగొట్టి, అతడున్న గిడ్డంగిలో బాంబు పేల్చును. బాలుడు బ్రదుకవలెనా, చావవలెనా అను నిర్ణయమును ప్రకాశకులు పాఠకులకే వదలి, రెండు టెలిఫోను సంఖ్యలు ప్రకటించిరి. చావవలెనని 5,343 పిలుపులును, బ్రదుకవలెనని 5,271 పిలుపులును వచ్చినవి. డెబ్బదిరెండు పిలుపుల తేడాతో ఒక కల్పిత బాలుడు మరణించెను. పాఠకుల చేతికి తీర్పు నిచ్చుట ఎంతవరకు మంచిదను చర్చ అటుండనిండు. ఆ మరణము బ్యాట్‌మన్‌ను ఏమి చేసినదో చూడుడు.

మరుసటి సంవత్సరము, 1989లో, వెలువడిన కథలో బ్యాట్‌మన్ పూర్వమువలె లేడు. ఆలోచింపక దెబ్బలాటలలోనికి దూకుచున్నాడు. గాయములను లెక్కచేయుట లేదు. ఇంటిని, తనను కనిపెట్టి చూచుకొను ఆల్ఫ్రెడ్ చెప్పిన మాట వినుట లేదు. ఇక ఎవరినీ తన పక్కకు రానీయనని నిశ్చయించుకొన్నాడు. ఇది ప్రేమవలననే పుట్టిన నిశ్చయము. మరియొక బాలుడు తన వలన చావరాదను భయము. కాని దాని ఫలితమేమి? అతని వెనుక చూచుటకు కన్నులు లేవు. ‘ఇక చాలు’ అని చెప్పుటకు నోరు లేదు. ఈ మార్పును కనిపెట్టినవాడు టిమ్ డ్రేక్ అను పదమూడేండ్ల బాలుడు. వార్తలలో బ్యాట్‌మన్ పోరాటములను గమనించి, ఇతడు నానాటికి తెగించుచున్నాడని ఊహించి, పూర్వపు రాబిన్ అయిన డిక్ వద్దకు పోయి తిరిగి రమ్మని ప్రాధేయపడెను. ఆ బాలుని వాదము మిక్కిలి సరళమైనది: బ్యాట్‌మన్‌కు రాబిన్ అవసరము. రక్షకునకును రక్షణ కావలెనను సత్యమును పెద్దలకంటె ముందుగా ఒక పిల్లవాడు చెప్పెను. కొంత కాలమునకు అతడే మూడవ రాబిన్ అయ్యెను.

తోడు దొరికినను పాత అలవాటు పోవుట సులభము కాదు. ఆ సంగతిని సవిస్తరముగా చూపిన కథ 1993లో వెలువడిన ‘నైట్‌ఫాల్’. దీనిని రచించినవారిలో డగ్ మెంచ్, చక్ డిక్సన్ ముఖ్యులు. ఈ కథలోని శత్రువు పేరు బేన్. శాంటా ప్రిస్కా అను కల్పిత దేశములో, తండ్రి తప్పించుకొనిపోయిన శిక్షను తాననుభవించుటకై చెరసాలలోనే పుట్టి పెరిగినవాడు. అతనికి మహాబలము కలదు. ఆ బలమును పెంచు ఔషధము కూడ కలదు. అయినను అతడు గోథమ్ నగరమునకు వచ్చి బ్యాట్‌మన్‌తో వెంటనే తలపడలేదు. కొంతకాలము చూచుచు ఊరకుండెను. ఏమి చూచెను? ఈ మనుష్యుడు విశ్రమించడని చూచెను. ఏ అపాయము వచ్చినను మరియొకరికి అప్పగించక తానే పోవునని చూచెను.

పిమ్మట బేన్ చేసిన పని ఒక్కటే. ఉన్మాదులైన నేరస్థులను బంధించియుంచు అర్కమ్ చికిత్సాలయపు గోడలను పేల్చివేసి, వారిని అందరిని ఒకేసారి నగరము మీదికి వదలెను. ఒకడు ఇండ్లను తగులబెట్టువాడు, ఒకడు కత్తితో ప్రాణములు తీయువాడు, ఇద్దరు కూడి నగరాధ్యక్షుని ఎత్తుకొనిపోవువారు. బ్యాట్‌మన్ ఒక్కొక్కనిని వెదకి పట్టుకొనుటకు రాత్రింబగళ్లు తిరిగెను. నిద్ర లేదు, ఆహారము లేదు, తగిలిన దెబ్బ మానుటకు వ్యవధి లేదు. రాబిన్ తాను వచ్చెదనని వేడుకొనెను. విశ్రమింపుమని ఆల్ఫ్రెడ్ బతిమాలెను. అతడు వారిని వారించి ముందుకే నడచెను. నగరమునకు పోలీసులు లేరా? నైట్‌వింగ్ లేడా? సూపర్‌మన్ వంటి మిత్రులు లేరా? అందరును ఉన్నారు. పిలుచుట మాత్రము లేదు.

కథలోని కీలకము ఇచ్చటనే యున్నది. బేన్ పన్నిన పన్నాగము వేరొకని మీద పనిచేయదు. ‘నాకు అలసటగా నున్నది, ఈ రాత్రి నీవు పొమ్ము’ అని చెప్పగలవాని మీద అది వ్యర్థము. బ్యాట్‌మన్ తప్పక తానే వచ్చునను నమ్మకముతోనే బేన్ ఆ తలుపులు తెరచెను. అనగా, శత్రువు ప్రయోగించిన ఆయుధము అర్కమ్‌లోని ఉన్మాదులు కారు, బ్యాట్‌మన్ స్వభావమే. తన కర్తవ్యదీక్షయని దేనిని అతడు గౌరవించుకొనెనో, శత్రువు దానినే త్రాడుగా పేని అతనిని కట్టెను.

తుదకు బ్రూస్ వేన్ కాలు కదుపలేని స్థితిలో ఇల్లు చేరెను. బేన్ అచ్చటనే కాచుకొనియుండెను. ముసుగు వెనుకనున్న ముఖమెవరిదో అతడు ముందే కనిపెట్టెను. ఆ పోరాటము పోరాటము కాదు. తీర్పు అమలుజరుగుట మాత్రమే. బేన్ అతనిని పైకెత్తి తన మోకాలిపై వేసి వెన్నెముక విరచెను. ‘బ్యాట్‌మన్’ పత్రిక 497వ సంచికలోని ఆ బొమ్మను జిమ్ అపారో చిత్రించెను. బొమ్మల కథలు చదువువారిలో దానిని ఎరుగనివారు అరుదు. దాని తరువాత జరిగిన దానిని మాత్రము పలువురు మరచిపోవుదురు. విరిగిన ఆ శరీరమును ఇంటికి చేర్చి ప్రాణము నిలిపినవారు ఆల్ఫ్రెడ్, రాబిన్; అనగా అతడు ఇంతకుముందు వద్దని పంపివేసినవారే.

ఇంత జరిగినను పాఠము అప్పుడే ఒంటబట్టలేదు. నగరమునకు బ్యాట్‌మన్ ఉండవలెను గనుక, తన వేషమును మరియొకరికి అప్పగింపవలసివచ్చెను. చిన్ననాటినుండి తన చేతిలో పెరిగిన డిక్‌ను పిలువక, జీన్-పాల్ వ్యాలీ అను యువకుని ఎన్నుకొనెను. ఒక రహస్య మతసంఘము ఈతనిని అతనికే తెలియకుండ బాల్యమునుండి హింసకు మలచియుంచినది. జీన్-పాల్ కొత్త లోహకవచము చేయించుకొని బేన్‌ను ఓడించెను. కాని గెలిచిన కొలది మరింత ఒంటరివాడయ్యెను. రాబిన్‌ను తరిమి, గుహకు అడ్డముగా గోడ కట్టించెను. ఒక హంతకుడు చావుబ్రదుకుల మధ్య వ్రేలాడుచుండగా చేయి అందింపక చావనిచ్చెను. ఆ హంతకుడు ఎక్కడనో దాచియుంచిన నిర్దోషి చిరునామా వానితోనే పోయి, ఆ నిర్దోషియు మరణించెను. బ్రూస్‌లోని దోషమే జీన్-పాల్‌లో పెద్దదై కనబడినది. ‘నేనొక్కడనే’ అను మాటను చివరివరకు లాగినచో ఏమగునో రచయితలు అతని ద్వారా చూపిరి.

1994లో ఈ కథ ముగిసిన తీరు మాకు మిక్కిలి నచ్చినది. కోలుకొన్న బ్రూస్ తిరిగివచ్చి జీన్-పాల్‌ను ఎదిరించును. కాని ఆ కవచమును బలముతో బ్రద్దలుకొట్టడు. గుహలోని ఒక ఇరుకు దారిన తాను దూరి ముందుకు పోవును. వెంబడించుచున్న జీన్-పాల్ ఆ సందున పట్టవలెనన్న కవచమును ఒక్కొక్క భాగముగా విప్పుకొనవలసివచ్చును. చివరకు వెలుగు ముఖముపై పడగా శిరస్త్రాణమును కూడ తీసివేసి, తన ఓటమిని ఒప్పుకొనును. తరువాత బ్రూస్ కొంతకాలము తన వేషమును డిక్ చేతికే ఇచ్చెను; మొదట చేయవలసిన పనిని ఆలస్యముగానైనను చేసెను.

అహంకారమునకు మరియొక ముఖము కలదు. సహాయము వద్దనుట ఒక తీరు. సహాయకులను లోలోపల అనుమానించుట వేరొక తీరు. 2000 సంవత్సరమున మార్క్ వెయిడ్ రచించిన ‘టవర్ ఆఫ్ బేబెల్’ కథ ఈ రెండవదానిని చూపును. ఈ కథలో బ్యాట్‌మన్ ఒంటరివాడు కాడు. సూపర్‌మన్ మొదలగు మహావీరుల సంఘములో సభ్యుడు. కాని ఈ మిత్రులే ఎప్పుడైన దారితప్పినచో ఎట్లు ఆపవలెనని, ఒక్కొక్కరి బలహీనతను శోధించి, వారికి చెప్పకుండ పథకములు వ్రాసి దాచుకొనెను. రాస్ అల్ గుల్ అను శత్రువు ఆ పథకములను దొంగిలించెను. నీటిలో నివసించు వీరునకు నీరనిన భయము పుట్టించెను. వెలుగును ఆయుధముగా గలవానికి చూపు పోగొట్టెను. సూపర్‌మన్ చర్మమును పారదర్శకము చేసి, అతనికి బలమిచ్చు సూర్యకాంతియే బాధయగునట్లు చేసెను. ఆ సమయమున బ్యాట్‌మన్ ఎచ్చట నుండెను? అదే శత్రువు అతని తలిదండ్రుల శవపేటికలను తవ్వించి ఎత్తుకొనిపోగా, వాటి జాడకై ఒంటరిగా తిరుగుచుండెను. ఆ బాల్యశోకము ఇంకను అతని ముక్కుత్రాడే.

ముందుజాగ్రత్త తప్పని మేమనము. మహాబలవంతులు చెడిపోయినచో ఏమి చేయవలెనను ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నను నలుగురిలో పెట్టినచో అది రక్షణయగును. ఒక్కడు తన పెట్టెలో దాచినచో అది శత్రువునకు సిద్ధము చేసిన ఆయుధమగును. కథాంతమున సంఘము బ్యాట్‌మన్‌ను ఉంచుటయా, వెలివేయుటయా యని ఓటు వేయును. నిర్ణయము సూపర్‌మన్ ఓటుపై నిలుచును. ఆ ఓటు ఏదో వినకయే బ్యాట్‌మన్ లేచి వెడలిపోవును. తీర్పు వినుటకైనను నిలువలేకపోవుట ధైర్యమో, అభిమానమో పాఠకులే చెప్పవలెను.

ఇన్ని కథలు కల్పించినవారి జీవితములలో కూడ ఇదే విషయము తొంగిచూచుట ఆశ్చర్యము. బ్యాట్‌మన్ పుస్తకములపై సృష్టికర్తగా దశాబ్దములపాటు చిత్రకారుడు బాబ్ కేన్ పేరొక్కటే అచ్చుపడెను. కాని ఆ వీరునకు ముసుగును, రెక్కలవలె నుండు అంగీని సూచించినవాడు, బ్రూస్ వేన్ అను పేరు పెట్టినవాడు, తొలికథ వ్రాసినవాడు బిల్ ఫింగర్. రాబిన్ అవసరమును గుర్తించినవాడును ఆయనయే. ఫింగర్ 1974లో, తన పేరు ఆ పుస్తకములపై సృష్టికర్తగా చూచుకొనకయే కన్నుమూసెను. 1989లో వెలువడిన ఆత్మకథలో కేన్, తన మిత్రునకు తగిన గుర్తింపు రాలేదని ఒప్పుకొనెను. 2015లో మాత్రమే ప్రకాశకులు ఆ రెండవ పేరును కూడ చేర్చుటకు అంగీకరించిరి. అనగా, ఒంటరి వీరుడని లోకము పొగడిన ఆ వీరుని సృష్టించినది ఒంటరివాడు కాడు; ఒక్కని పేరే చెప్పుకొనుట చేత ఒంటరివాని సృష్టివలె కనబడినది.

ఇవి పిల్లల బొమ్మల పుస్తకములు గదా, వీనిని గూర్చి ఇంత విచారము దేనికని కొందరు శ్రోతలు అడుగవచ్చును. మా సమాధానమిది. బేన్ వంటి శత్రువు మన వీధికి రాడు. కాని బ్రూస్ వేన్ వంటి మనుష్యుడు ప్రతి వీధిలోను ఉన్నాడు. చేసిన అప్పును ఇల్లాలికి చెప్పక, వడ్డీకి వడ్డీ కట్టుచు రాత్రులు నిద్రపోని ఇంటి పెద్ద ఒకడు. పిల్లలు బెంగపడుదురని నొప్పిని నెలల తరబడి దాచుకొను తల్లి ఒకతె. కార్యాలయమున తాళపుచెవులన్నియు తన మొలకే కట్టుకొని, జ్వరమున పడిననాడు అందరి పనిని ఆపివేయు ఉద్యోగి ఒకడు. వీరిలో దుర్మార్గులెవ్వరును లేరు. అందరును ప్రేమతోనే భారము మోయుచున్నారు. కాని ‘వారు మోయలేరు’ అని ఇతరుల తరఫున తామే నిర్ణయించినారు. ఆ నిర్ణయములోనే అహంకారమున్నది. ఆపద వచ్చునది ఆ సందునుండియే.

ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు. చదువుటకు, సాధన చేయుటకు, దుఃఖమును దిగమ్రింగుటకు ఏకాంతము కావలెను. తలుపు మూసికొనుటలో దోషము లేదు. గడియ లోపలివైపే ఉండి, బయటివారు తట్టినను తీయకుండుటలోనే దోషమున్నది.

మీ యింట పిల్లవాడు ఎప్పుడైన బ్యాట్‌మన్ పుస్తకము చదువుచు కనబడినచో, లాగివేయకుడు. పక్కన కూర్చుండి, వెన్ను విరిగిననాడు ఆ వీరుని ఇంటికి మోసికొనివచ్చినవారెవరని అడుగుడు. పిల్లవాడు తడుముకొనక పేర్లు చెప్పును. ఆ పిమ్మట, మనకు అట్టి దినము వచ్చినచో ఎవరిని పిలువవలెనో, వారితో మనము నేడే మాటలాడియున్నామో లేదో, పెద్దలమైన మనము ఆలోచించుకొనవచ్చును.